పురిటిగదిలో వేపపుల్ల

ఆ ఇంట్లో కోడళ్ళకి కాన్పుకో పన్ను రాలడం రివాజు. వాన పడితే చూరు కారినట్టు, బిడ్డ పుడితే తల్లి పన్ను ఊడుతుంది. దానికి ఎవరూ ఏడవరు, ఎవరూ ఆశ్చర్యపోరు. అత్తగారు రాజేశ్వరమ్మకి తొమ్మిది కాన్పులు. తొమ్మిదింటికీ తొమ్మిది పోయాయి, మిగిలినవి వాటి వెనకే వెళ్ళాయి. యాభై అయిదేళ్ళకే ఆవిడకి అన్నం మజ్జిగలో పిసికి జావలా చేసి పెట్టాలి. రాజేశ్వరమ్మగారిది సాత్వికాహారం అని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటారు. సాత్వికమూ లేదు, పాడూ లేదు. నమలడానికి పళ్ళు లేవు, అంతే.

కోడలు కామేశ్వరికి ఇరవై రెండేళ్ళు. మొదటి కాన్పుకి కింది దవడపన్ను ఒకటి, రెండో కాన్పుకి దాని పక్కది పోయాయి. ఆనకట్ట కట్టిన నాలుగో ఏడు శ్రావణమాసంలో, ముక్తేశ్వరం పక్కనున్న ఆ ఊళ్ళో, ఆమెకి మూడో కాన్పు వచ్చింది. ఆడపిల్ల. పిల్ల పుట్టిన మూడో నాడు పొద్దున్నే కామేశ్వరి నాలికతో పళ్ళు తడిమి చూసుకుంది. పైవరసలో ముందుపన్ను కదిలింది.

దవడపన్ను పోతే ఎవరికీ కనిపించదు. ముందుపన్ను పోతే మాట పోతుంది, నవ్వు పోతుంది, చెరుకుముక్క పోతుంది. ఇరవై రెండేళ్ళకే ముసలమ్మ మొహం పెట్టుకుని ఇంకా ఎన్ని కాన్పులు కనాలో, ఎన్ని పళ్ళు ఇచ్చుకోవాలో. ఒడిలో పిల్ల పాలు తాగుతోంది. కామేశ్వరి పిల్ల వంక చూసి, "నువ్వేం చేశావే పాపం" అనుకుంది.

పురిటిగది పడమటి వసారా చివర ఉంది. కిటికీ లేదు. నులకమంచం, మంచం కింద కుంపటి, కుంపట్లో వాము పొగ. గుమ్మానికి వేపమండలు. బాలింతకి చన్నీళ్ళు కూడదు, గాలి కూడదు, పుల్లతో పళ్ళు తోముకోవడం అసలే కూడదు. ఒళ్ళు పచ్చిది కాబట్టి చిగుళ్ళూ పచ్చివే, పుల్ల తగిలితే పళ్ళన్నీ వదులైపోతాయని పెద్దలు చెప్పారు. తోమకుండానే ఊడుతున్నాయి గదా అని ఎవరూ అడగలేదు. ఇరవై ఒక్క రోజులు నోట్లో పుల్ల పెట్టకూడదు గాని కాయం మాత్రం పెట్టాలి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచి పాతబెల్లం పాకంలో ఉడికించి, నెయ్యి పోసి చేసిన ఉండలు. పొద్దున్నొకటి, మధ్యాహ్నమొకటి, పడుకునే ముందొకటి. ఆ పాకం పళ్ళ సందుల్లో చేరిందంటే నాలికతో ఎంత తోడినా రాదు. పుక్కిలించడానికి నీళ్ళడిగితే, "బాలింతకి నీళ్ళేంటే, ఒళ్ళు ఉబ్బిపోదూ!" అంటుంది రాజేశ్వరమ్మ.

మగాళ్ళ సంగతి వేరు. తెల్లారేసరికి కొత్త కాలవగట్టున పదిమంది చేరతారు. జానెడు వేపపుల్లలు నములుతూ ఊడ్పుల కబుర్లు, నీటి తగాదాలు అక్కడే తేలుస్తారు. కామేశ్వరి మొగుడు బుచ్చిరాజు పుల్ల మొదలుపెట్టాడంటే రెండు ఘడియలు. ఆ తరవాత పుల్లని నిలువునా చీల్చి, ఆ బద్దతో నాలిక గీసుకుని, ఊరంతా వినపడేట్టు ఖాండ్రించి గాని లేవడు. ఆడవాళ్ళకి పెరట్లో పిడక కాల్చిన కచ్చిక పొడి, రెండు రుద్దులు. మగాళ్ళు గట్టు దిగేలోపల అయిపోవాలి.

ఆ రోజు మంత్రసాని అచ్చాయమ్మ పిల్లకి నీళ్ళు పోయడానికి వచ్చింది. రేవు దగ్గర పడవలవాళ్ళ పేట ఆమెది. అరవై దాటాయి. పీట మీద కూచుని, కాళ్ళు చాపి, పిల్లని ముంగాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. ఆముదం రాసి, వెన్ను మీదినుంచి పిర్రల దాకా బొటనవేళ్ళతో దిగదీసి, సున్నిపిండితో నలిచి, అరచేతి అడ్డంతో వేణ్ణీళ్ళు పోసింది. పిల్ల కేరుకేరుమని, అలిసి, ఒళ్ళు మరిచి నిద్రపోయింది. తరవాత బాలింతకి నడికట్టు కట్టాలి. అచ్చాయమ్మ పాతచీర అంచుని పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగింది. చీర పర్రున చిరిగింది.

కామేశ్వరి ఆ నోటి వంక అలా చూస్తూ ఉండిపోయింది. పైన ఒక వరస, కింద ఒక వరస. ఎక్కడా సందు లేదు.

"అచ్చాయమ్మా, నీకెన్ని కాన్పులు?"

"పదకొండండి. ఏడుగురు మిగిలేరండి."

"మరి పళ్ళు?"

"అన్నీ ఉన్నాయండి." దొంగసొమ్ము ఒప్పుకున్నట్టు తగ్గు గొంతుతో అంది అచ్చాయమ్మ.

"ఎలా ఉన్నాయి?"

అచ్చాయమ్మ గుమ్మం వంక చూసింది. వసారాలో ఎవరూ లేరు. "తోముతానండి" అంది.

"బాలింతప్పుడు కూడానా?"

"ఆయ్. మాకు పురిటిగదులెక్కడియ్యండీ? నాలుగో నాటికి రేవులోకి దిగిపోవాలి. రేవు కాడ పుల్ల నమలకుండా గంజి ముట్టుకుంటే మా అత్త చీపురు తిరగేసేదండి."

కామేశ్వరి మంచం మీద లేచి కూచుంది. "మా అత్తయ్యగారి కాన్పుల్లో సగం నువ్వే చేశావు. నావి మూడూ నువ్వే చేశావు. ఒక్కనాడైనా ఈ మాట చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ పిలిచేవోరాండీ?" నడికట్టు బిగిస్తూ అంది అచ్చాయమ్మ. "పెద్దింట్లో పిల్లని తియ్యి గాని మాట తియ్యకు అని చెప్పిందండి మా అత్త. నాకూ పొట్టుంది కదండీ."

కామేశ్వరికి కోపం వచ్చింది. అచ్చాయమ్మ మీదే వచ్చింది. కాని ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. వెయ్యి ఇళ్ళలో నోరు మూసుకుంటేనే ఒక ఇంట్లో ముద్ద దొరికే మనిషిని ఏమని తిడుతుంది?

"రేపు నాకు పుల్ల తీసుకురా" అంది.

మర్నాడు అచ్చాయమ్మ బొడ్లో దోపుకుని తెచ్చింది. లేత కానుగపుల్ల ఒకటి, ఎండిన ఉత్తరేణి వేరు, ఆకులో పొట్లం కట్టిన ఉప్పు. పుల్ల కొస కుంచెలా అయ్యేదాకా నమలమంది. అడ్డంగా రుద్దబోతే చెయ్యి పట్టుకుంది.

"అలా కాదండి. చిగురుకాణ్ణించి పన్ను కొసకి దువ్వాలండి, తల దువ్వినట్టు. పైవి కిందకి, కిందవి పైకి. లోపలి పక్క కూడానండి. అక్కడే ఉంటాదండి ముదనష్టపు పాచంతా."

తోమడం అయ్యాక నువ్వులనూనెలో ఉప్పు కలిపి వేలితో చిగుళ్ళు రుద్దించింది. కామేశ్వరి మూకుట్లో ఉమ్మింది. ఎర్రగా పడింది. ఆమె పుల్ల కింద పెట్టేసింది.

"చూశావా, నెత్తురు!"

"చిగురు పుండైపోయిందండి, మరి రాదేంటండీ? ఎర్రగా పడిందని మానేస్తే ఇంకెప్పటికీ ఆగదండి. వారం రోజులు మానకుండా తోమండి. అదే ఆగుద్ది. కాయం తిన్నప్పుడల్లా ఉప్పేసిన వేణ్ణీళ్ళతో పుక్కిలించండి."

అయిదో నాడు దొరికిపోయారు. రాజేశ్వరమ్మ కాయం ఉండ పట్టుకుని లోపలికి వచ్చింది. కోడలి నోట్లో పుల్ల ఉంది, మూకుట్లో నెత్తురు ఉంది. ఆవిడ చేతిలో ఉండ జారి నేలమీద పడింది.

"ఎంత పని చేశావే అచ్చీ! పచ్చి బాలింత నోట్లో కర్ర పెడతావా? దాని పళ్ళన్నీ రాలగొట్టి పోదామని వచ్చేవా?"

"పుల్ల నేనే అడిగేనండి, అత్తయ్యగారూ" అంది కామేశ్వరి.

"నువ్వడిగితే తెచ్చేస్తుందా? రేపు గన్నేరుపప్పు అడుగుతావు, అదీ తెస్తుందా? తొమ్మిది కాన్పులు పంటి బిగువున మోసేను నేను. నాకు తెలీదూ? ఇదిగో అచ్చీ, ఇంక ఈ గడప తొక్కకు. ఊళ్ళో ఏ గడపా తొక్కకుండా చూస్తాను."

అచ్చాయమ్మ పిల్ల తల కింద గుడ్డమడత సరిచేసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళినంతసేపూ కామేశ్వరికి సిగ్గుగా ఉంది. అడిగింది తను, కూడు పోయింది ఆమెది.

సాయంత్రం బుచ్చిరాజు గుమ్మం అవతల నిలబడ్డాడు. మంచివాడే. తల్లి గొంతు లేస్తే గొడుగు వెతుక్కునే రకం.

"అమ్మ చెప్పింది కదా. ఈ నాలుగు రోజులూ ఊరుకో."

"నాలుగు కాదండి, ఇరవై ఒకటి. మీరూ ఊరుకుంటారా?"

"నేనెందుకూ?"

"రేపటినుంచి మీరూ పుల్ల మానెయ్యండి. కాయం మాత్రం మూడు పూట్లా తినండి. పుక్కిలించకండి. ఇరవై ఒకటో నాడు మీ నోరు వాసన చూసుకుని, అప్పుడు నాకు చెప్పండి ఊరుకోమని."

బుచ్చిరాజు నవ్వబోయి మానేశాడు. గట్టుమీదినుంచి ఒక పుల్లైనా తెచ్చి ఇవ్వొచ్చు. అదీ చెయ్యలేదు. చేలో నీళ్ళు చూడాలంటూ వెళ్ళిపోయాడు.

ఆరో నాడు తెల్లవారింది. కామేశ్వరికి పుల్ల తెచ్చేవాళ్ళు లేరు. నోరంతా బెల్లం పులిసిన వాసన. నాలిక తగిలితే ముందుపన్ను ఇంకా ఆడుతోంది. పిల్లని పక్కలో పడుకోబెట్టి, గోడ పట్టుకుని లేచింది. వెలుతురు కోసం తలుపు తీసింది.

గుమ్మానికి కొత్త మండలు కట్టి ఉన్నాయి. పాతవి వాడాయని రాజేశ్వరమ్మ ఆ తెల్లవారుజామునే మార్చింది. ఆకులమీద ఇంకా తడి ఉంది. కామేశ్వరి వాటి వంక ఒక్క క్షణం చూసింది. గాలీ ధూళీ రాకుండా, దిష్టి తగలకుండా, పిల్లకీ తల్లికీ కాపలాగా కట్టిన మండలు. వాటిని ముట్టుకున్న బాలింత ఆ సీమలో ఎక్కడా లేదు. ఆమె చెయ్యెత్తి చిటికెనవేలంత కొమ్మ ఒకటి పుటుక్కున విరిచింది. ఆకులు దూసేసింది. పురిటిగది గడప మీద, ఇల్లంతా చూసేట్టు, కాళ్ళు బయటికి పెట్టి కూచుని కొస నమలడం మొదలుపెట్టింది. చేదు గొంతులోకి దిగింది. అయినా నమిలింది.

వంటింటి వసారాలోంచి రాజేశ్వరమ్మ చూసింది. ముందు నమ్మలేదు. తరవాత పరుగున వచ్చింది.

"దిష్టిమండ విరిచేవా! పిల్ల బతకాలని లేదుటే నీకు?"

"గుమ్మానికి మంచి చేసే వేప నా నోటికి చెడు చేస్తుందాండీ?"

రాజేశ్వరమ్మ తలెత్తి మండల వంక చూసింది. పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్న పాలేరు అబ్బులు పని ఆపి, వెంటనే మళ్ళీ మొదలుపెట్టాడు.

"పళ్ళూడి చేతిలో పడతాయి" అంది రాజేశ్వరమ్మ.

"పడితే మీకే తెచ్చి చూపిస్తానండి. పదకొండో నాడు పురిటిస్నానం కదా. ఈలోపల ఈ ముందుపన్ను ఊడితే మళ్ళీ జన్మలో బాలింతప్పుడు పుల్ల ముట్టను. ఊడకపోతే ఆ స్నానానికి అచ్చాయమ్మే రావాలి."

"ఊడకపోతే కదా" అంది రాజేశ్వరమ్మ. ఆవిడకి అణుమాత్రం అనుమానం లేదు. అనుమానం లేనివాళ్ళే పందేనికి త్వరగా దిగుతారు.

ఆ రోజునుంచి ఆవిడ కాపలా మొదలుపెట్టింది. పొద్దున్నే ఒక అరిటాకు ముక్క తెచ్చి గడప కింద పరిచేది. కోడలు దానిమీదే ఉమ్మాలి. ఆవిడ వంగి చూసేది. ఆరో నాడు ఎరుపు. ఏడో నాడూ ఎరుపే. "చూశావా" అనేది. కామేశ్వరి మరో కొమ్మ విరిచేది. మండలు తరిగిపోతుంటే రాజేశ్వరమ్మే తిట్టుకుంటూ కొత్తవి కట్టేది. గుమ్మం బోసిగా ఉంచడానికి ఆవిడకి ధైర్యం లేదు.

పక్కవీధి బంగారమ్మ ఈ వింత చూడ్డానికే వచ్చింది. ఆవిడ కోడలికీ నెలలు నిండాయి. "దిష్టిమండ నమిలే బాలింతని ఇదే చూడ్డం వదినా. మా పిల్ల ఇలాంటి పని చేస్తే కాళ్ళు విరగ్గొడతాను" అని పోయింది. ఆ మధ్యాహ్నమే పిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. పొట్ట బిగిసింది, కాళ్ళు ముడుచుకుంది, రొమ్ము పట్టలేదు.

"చేదు పాలల్లోకి దిగింది" అంది రాజేశ్వరమ్మ. "నీ పళ్ళకోసం పిల్లని చంపుకుంటావా?"

కామేశ్వరికి ఏడుపొచ్చింది. నిజమేమో అనిపించింది. ఆ ఒక్క పూట ఆమె ఓడిపోయినట్టే. రేపటినుంచి ముట్టకూడదని కూడా అనుకుంది. అప్పుడు పిల్ల వెన్ను మీద చెయ్యి వేసింది. అచ్చాయమ్మ పోయిన దగ్గరనుంచి ఆ వెన్నుకి నూనె తగలలేదు. నడుంనొప్పితో రాజేశ్వరమ్మ రెండు చెంబులు గుమ్మరించి తీసేస్తోంది. కామేశ్వరి కాళ్ళు చాపుకుని, పిల్లని ముంగాళ్ళ మీద వేసుకుని, ఆముదం గోరువెచ్చగా చేసి, తను చూసినట్టే వెన్ను మీదినుంచి బొటనవేళ్ళు దిగదీసింది. పొట్టమీద సవ్యంగా చుట్టూ రాసింది. కాసేపటికి పిల్ల గట్టిగా ఒక తేనుపు తేన్చి, తల్లి కాళ్ళు తడిపి, పాలకి వెతుక్కుంది. కామేశ్వరి కళ్ళు తుడుచుకుంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ గడప మీద కూచుంది.

ఎనిమిదో నాడు ఆకుమీద ఎరుపు పల్చబడింది. తొమ్మిదో నాడు దారప్పోగంత ఒక్క చార. రాజేశ్వరమ్మ "చూశావా" అనడం మానేసింది. పదో నాడు ఆకుమీద ఉత్త నురగే ఉంది.

ఆవిడ ఆకు తీసి వెలుగులో పట్టుకుంది. ఇటూ అటూ వంచి చూసింది.

"ఇవాళ తోమలేదా?"

"తోమేనండి. చూస్తూనే ఉన్నారు కదండీ."

రాజేశ్వరమ్మ గడప మీద కోడలి పక్కన కూలబడింది. "నోరు తెరు" అంది. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి ఆ ముందుపన్ను పట్టుకుంది. ముందు మెల్లిగా కదిపింది. తరవాత గట్టిగా. ఆ తరవాత గిన్నె అడుగున మాడు గీకినంత కసిగా లాగింది. కామేశ్వరికి కళ్ళంట నీళ్ళు తిరిగాయి గాని మొహం తిప్పుకోలేదు. పన్ను రవ్వంత ఆడింది. రాలేదు.

ఆవిడ చెయ్యి తీసేసింది.

వేపలో తీపూ అత్తలో మంచీ వెతకొద్దంటారు. వెతికి చూసినవాళ్ళు చెప్పిన మాట కాదది. ఆ పూట రాజేశ్వరమ్మ మొహంలో కోపం లేదు. ఇన్నాళ్ళూ కోపంలా కనిపించింది భయం. కోడలి మాట నిజమైతే తన మాట ఏమవుతుందోనన్న భయం.

"తొమ్మిదీ నా చేత్తో నేనే పీక్కున్నానే" అంది. "మా అత్తగారు చెప్పింది, ఒక్కో పన్నూ ఒక్కో బిడ్డకి పోతుందని. సరే, బిడ్డకే కదా ఇచ్చేననుకున్నాను. బతికిన నలుగురికీ ఇచ్చేను. పోయిన అయిదుగురికీ ఇచ్చేను. వాళ్ళకి నేనిచ్చింది అదొక్కటే అని ఎన్నిసార్లు అనుకున్నానో." ఆకు మడిచి పక్కన పెట్టింది. "ఎవరికీ ఇవ్వలేదన్నమాట. ఊరికే పోయేయన్నమాట."

కామేశ్వరి ఆవిడ భుజంమీద చెయ్యి వేద్దామనుకుంది. వెయ్యలేదు. వేస్తే ఓడినవాళ్ళని ఓదార్చినట్టుంటుంది. పందెం గెలిచిన సంతోషం కూడా ఆమెకి దొరకలేదు.

రాజేశ్వరమ్మ ముక్కు చీది లేచింది. "రేపు స్నానానికి అచ్చి రావాలన్నావు కదా. అబ్బులు చేత కబురెడతాను."

"కబురెడితే రాదండి. పొమ్మన్నది మీరు."

"నేను వెళ్ళాలా? ఆ పడవలవాళ్ళ పేటకి?"

"ఆయ్" అంది కామేశ్వరి.

రాజేశ్వరమ్మ కోడల్ని ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదకొండో నాడు తెల్లవారేసరికి ఆవిడ ఇంట్లో లేదు. గొడుగు లేదు, చెప్పులూ లేవు. పెరట్లో గుండిగ కింద మంట పెట్టి అబ్బులు కూచున్నాడు. నీళ్ళు మరిగాయి. దించితే చల్లారాయి. మళ్ళీ ఎక్కించారు. బారెడు పొద్దెక్కింది. బుచ్చిరాజు రెండుసార్లు వీధిలోకి తొంగిచూసి వచ్చాడు. అచ్చాయమ్మ రానందేమో అనుకుంది కామేశ్వరి. రానంటే తప్పు లేదు. తప్పులేదు గాని, ఇంక ఈ ఊళ్ళో పుల్ల సంగతి ఎవరు ఎవరికి చెప్తారు?

అప్పుడు వీధిలో రాజేశ్వరమ్మ గొంతు వినిపించింది. వెనక అచ్చాయమ్మ, ఆమె బొడ్లో ఒకటి కాదు, గుప్పెడు పుల్లలు.

"ఇంతసేపేంటండీ, అత్తయ్యగారూ?"

రాజేశ్వరమ్మ చెప్పులు విడిచి, వసారా అంచున కూచుని ఆయాసం తీర్చుకుంది. "బంగారమ్మ కోడలికి రాత్రే పురుడొచ్చిందిట. ఇది వస్తూవస్తూ ఆ మాట చెప్పింది. దాన్ని లాక్కుని అటే పోయేను."

"మనకి పురుడు కదండీ, రానిచ్చేరా?"

"వాళ్ళకీ పురుడే, మనకీ పురుడే, అంటు ఎవరికే? ఆ బంగారమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. పుల్ల పెడితే కోడలి పళ్ళూడతాయిట. నాకే చెప్తోంది! దాని చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి ఈడ్చుకెళ్ళి, నా నోరు తెరిచి చూపించేను. నేను ముట్టలేదే పుల్ల, తొమ్మిది కాన్పులకీ ముట్టలేదు, ఇదిగో చూసుకో, అన్నాను."

అచ్చాయమ్మ పీట వాల్చుకుంటూ తలొంచుకుని నవ్వుతోంది.

"ఏమన్నారండీ ఆవిడ?"

"ఏమంటుంది? ఆ పిల్ల పదిహేడేళ్ళది, బిక్కచచ్చి నావంకే చూస్తోంది. ఉమ్మితే ఎర్రగా పడుతుంది, భయపడకు, రోజూ నేనొచ్చి చూస్తానని చెప్పేను. బిడ్డకి పాలివ్వాలి గాని పళ్ళెందుకే ఇవ్వడం, అన్నాను."

అని, కోడలి వంక చూడకుండా, ఆమె ఒడిలోని పిల్లని తీసి అచ్చాయమ్మ చేతికి అందించింది.